వార్డు యువజన కమిటీ

వార్డు యువజన కమిటీ తెలంగాణ రాష్ట్రంలోని పురపాలక సంఘాలలో వార్డు స్థాయిలో ఏర్పాటయ్యే సలహా సంఘం. 2019లో చేసిన తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉంటాయి. అవి యువజన కమిటీ, మహిళా కమిటీ, వయోవృద్ధుల కమిటీ, ప్రముఖ పౌరుల కమిటీ. ఒక్కొక్క కమిటీలో 15 మంది చొప్పున వార్డుకు మొత్తం 60 మంది సభ్యులు. ఈ కమిటీ కౌమార వయస్కుల సమస్యలకు, కార్యక్రమాలకు ఎంతవరకు ఉపయోగపడగలదో, దాని పరిమితులు ఏమిటో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలు ఉదాహరణగా ఈ వ్యాసంలో వివరించబడినది.

నేపథ్యం

భారత రాజ్యాంగానికి చేసిన 74వ సవరణ 1993 జూన్ 1 నుండి అమలులోకి వచ్చింది. దీని ద్వారా చేరిన 243-ఎస్ అధికరణం మూడు లక్షలు లేదా అంతకు మించిన జనాభా గల పురపాలక సంస్థలలో వార్డు కమిటీలు ఉండాలని నిర్దేశించింది. 2011 జనగణన ప్రకారం సూర్యాపేట, మిర్యాలగూడ పట్టణాలు ఒక్కొక్కటి లక్షకు కొంచెం పైబడిన జనాభా గలవి. కోదాడ వాటికంటే చిన్నది. కనుక రాజ్యాంగం ప్రకారం ఈ మూడు పట్టణాలలో వార్డు కమిటీలు తప్పనిసరి కావు. వాటికి ఈ అవకాశం రాష్ట్ర చట్టం వలన లభించింది.

2020 జనవరిలో జరిగిన పురపాలక ఎన్నికల నాటికి సూర్యాపేటలో 48, మిర్యాలగూడలో 48, కోదాడలో 35 వార్డులు ఉన్నవి. ఈ లెక్కన సూర్యాపేట, మిర్యాలగూడలలో 720 మంది చొప్పున, కోదాడలో 525 మంది యువజన కమిటీ సభ్యులు ఉండవచ్చును. అదే సంవత్సరం ఫిబ్రవరి 24న ప్రారంభమైన పట్టణ ప్రగతి కార్యక్రమంలో వార్డు కమిటీలకు పారిశుద్ధ్యం, మొక్కల పెంపకం వంటి పనులలో పాత్ర కల్పించారు. 2020లో ఎన్నికైన పాలకవర్గాల పదవీకాలం 2025 జనవరిలో ముగిసింది. ఆ తరువాత పట్టణాలు ప్రత్యేక అధికారుల పాలనలోకి వెళ్ళాయి.

యువజనులు ఎవరు?

"యువజనులు" అనే మాటకు అన్నిచోట్ల ఒకే అర్థం లేదు. 2003 నాటి జాతీయ యువజన విధానం 13 నుండి 35 ఏళ్ళ వారిని యువతగా పరిగణించి, అందులో 13-19 ఏళ్ళ వారిని ప్రత్యేక వర్గంగా గుర్తించింది. 2014 నాటి విధానం ఈ వయసును 15-29 ఏళ్ళకు మార్చింది. 2014 జనవరిలో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం 10-19 ఏళ్ళ వారికి ఉద్దేశించినది. బాలల న్యాయ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండనివారందరూ బాలలే.

ఈ తేడాల వలన పదవ తరగతి, ఇంటర్మీడియట్ చదివే వయసువారు ఒకచోట యువత క్రింద, మరొకచోట బాలల క్రింద వస్తారు. పట్టణంలో యువజన కమిటీ అనగానే ఓటు హక్కు గల యువకులే గుర్తుకు వస్తారు. పదిహేనేళ్ళ విద్యార్థిని సమస్య ఆ కమిటీ ముందుకు రావాలంటే మరొకరు చెప్పవలసిందే.

బాలలకు గల ప్రాతినిధ్యం

ఐక్యరాజ్య సమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణం, తమకు సంబంధించిన విషయాలలో బాలలు అభిప్రాయం చెప్పే హక్కును గుర్తించింది. భారతదేశం 1992 డిసెంబరులో ఈ ఒడంబడికను అంగీకరించింది. 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని మూల సూత్రాలలో కూడా ఈ భాగస్వామ్య హక్కు ఉన్నది.

2009లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన సమగ్ర బాలల పరిరక్షణ పథకం గ్రామాలలోను, పట్టణ వార్డులలోను బాలల పరిరక్షణ కమిటీలు ఏర్పాటు చేయాలని సూచించింది. గ్రామంలో సర్పంచి, పట్టణంలో వార్డు ప్రతినిధి దీనికి అధ్యక్షత వహిస్తారు. అంగన్‌వాడీ కార్యకర్త, ఆరోగ్య కార్యకర్త, ఉపాధ్యాయులతో పాటు ఇద్దరు బాలలు కూడా ఇందులో ప్రతినిధులుగా ఉంటారు.

అనగా ఒకే వార్డులో సలహాకు రెండు వేదికలు కలవు. యువజన కమిటీలో 15 మంది ఉన్నా అందులో బాలలకు ప్రత్యేక స్థానం లేదు. బాలల పరిరక్షణ కమిటీలో బాలలకు స్థానం ఉన్నా అది ఇద్దరికే పరిమితం; పైగా ఆ కమిటీ ముఖ్యంగా రక్షణకు సంబంధించినదే గాని ఆటలు, గ్రంథాలయాలు, బస్సుల వంటి విషయాలకు కాదు. రెండు కమిటీలకూ వార్డు కౌన్సిలరే కేంద్ర బిందువు గనుక, అవి కలిసి కూర్చోవడానికి కొత్త చట్టమేమీ అవసరం లేదు.

పురపాలక సంఘం పరిధిలోని పనులు

రాజ్యాంగం 12వ షెడ్యూలులో పురపాలక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలు ఉన్నవి. ఉద్యానాలు, ఆటస్థలాలు, విద్యా సాంస్కృతిక అభివృద్ధి, వీధి దీపాలు, బస్ స్టాపులు అందులోనివే. కౌమార వయస్కుల నిత్య జీవితానికి ఇవి చాలా దగ్గరివి. సాయంత్రం ట్యూషన్ నుండి ఇంటికి వచ్చే దారిలో దీపాలు లేకపోతే, ముందుగా చదువు మానవలసి వచ్చేది ఆడపిల్లలే.

ఆటస్థలాలు: 2022 జూన్ 2న రాష్ట్ర ప్రభుత్వం తెలంగాణ క్రీడా ప్రాంగణాల పథకాన్ని ప్రారంభించింది. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ వంటి ఆటలకు గ్రామాలలోను, పట్టణాలలోను స్థలాలు కేటాయించడం దీని ఉద్దేశ్యం. స్థలం ఎక్కడ ఉండాలి, అమ్మాయిలు ఏ వేళలో ఆడుకోగలరు, అక్కడ మరుగుదొడ్డి ఉన్నదా అనే ప్రశ్నలకు ఆడుకొనేవారే సరైన జవాబు చెప్పగలరు.

భద్రత: 2021 మార్చి 22న సూర్యాపేటలో 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల ప్రారంభం నాడు ప్రేక్షకుల గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. యువతకోసం జరిపే కార్యక్రమంలో ఉత్సాహంతో పాటు నిర్మాణ తనిఖీ, అంబులెన్సు, నిష్క్రమణ మార్గాలు కూడా ముఖ్యమని ఈ సంఘటన తెలుపుతుంది.

గ్రంథాలయాలు: 1960 నాటి గ్రంథాలయాల చట్టం క్రింద ఆస్తి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. దీనిని పురపాలక సంఘం వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయవలెను. కనుక గ్రంథాలయంలో పోటీ పరీక్షల పుస్తకాలు కావాలనో, పరీక్షల కాలంలో ఎక్కువసేపు తెరచి ఉంచాలనో అడగడం పట్టణ ప్రజల హక్కులోని విషయమే.

పురపాలక సంఘం పరిధిలో లేని సమస్యలు

కౌమార వయస్కుల సమస్యలలో బరువైనవి చాలా వరకు ఇతర శాఖలకు చెందినవి. వీటి విషయంలో కమిటీ చేయగలది సమాచారం అందించడం, సరైన కార్యాలయానికి చేర్చడం.

పరీక్షల ఒత్తిడి: 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితాలలో తప్పులు దొర్లినట్లు ఆరోపణలు వచ్చాయి. ఆ రోజులలో రాష్ట్రంలో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. ఉత్తీర్ణులు కాని విద్యార్థుల జవాబు పత్రాలను ఉచితంగా పునఃపరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించింది. మానసిక ఆరోగ్య సలహాకు 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవ 14416 సంఖ్యపై లభిస్తుంది. ఫలితాలు వెలువడే వారంలో ఈ సంఖ్యను ప్రతి కళాశాల గోడపై అంటించడం వార్డు స్థాయిలోనే చేయదగిన పని.

వివాహం: 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం వివాహానికి అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్ళు నిండాలి. 2014లో ప్రారంభమైన కల్యాణలక్ష్మి పథకం సహాయం పొందడానికి కూడా వధువుకు 18 ఏళ్ళు నిండి ఉండవలెను. బాల్యవివాహం జరుగుతున్నదని తెలిస్తే 1098కి తెలియజేయవచ్చును.

కులం: 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకొన్న యువకుడు ఆసుపత్రి ఎదుట హత్యకు గురయ్యాడు. 2025 మార్చి 10న నల్గొండ న్యాయస్థానం ఈ కేసులో ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. ఇంట్లో చెప్పుకోలేని విషయాన్ని యువత నమ్మకంతో చెప్పుకొనే చోటు పట్టణంలో ఉండవలసిన అవసరాన్ని ఈ సంఘటన చూపుతుంది.

పని: సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారి 65 పై ఉన్నవి. మిర్యాలగూడ బియ్యం మిల్లులకు ప్రసిద్ధి. హోటళ్ళు, దాబాలలో 14 ఏళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుండి నిషిద్ధం. 2016 సవరణ 14-18 ఏళ్ళ వారిని ప్రమాదకరమైన పనులలో నియమించడాన్ని నిషేధించింది.

వాహనాలు: మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం మైనరు వాహనం నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకునికి లేదా యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలుశిక్ష విధించవచ్చును. జాతీయ రహదారిని ఆనుకొని ఉన్న పట్టణాలలో ఇది ప్రతి కుటుంబం తెలుసుకోవలసిన నియమం.

సమస్య ముందుకు సాగే విధానం

కమిటీకి సొంత నిధులు గాని, ఆదేశాలు ఇచ్చే అధికారం గాని లేవు. దాని బలం స్పష్టమైన ప్రతిపాదనలోనే ఉన్నది. ఉదాహరణకు "మా వార్డులో సౌకర్యాలు లేవు" అనే వినతి ఎటూ సాగదు. ఏ వీధిలో, ఏ స్తంభం వద్ద, ఎన్ని దీపాలు వెలగడం లేదో, ఆ దారిన ఏ సమయంలో ఎంతమంది విద్యార్థులు నడుస్తారో వ్రాసి, కౌన్సిలరు ద్వారా కమిషనరుకు పంపితే దానిపై చర్య తీసుకోవడం సులభం. పాలకవర్గం లేని కాలంలో ఇదే వినతిని ప్రత్యేక అధికారికి ఇవ్వవచ్చును. సమాధానం రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద వినతి ఏ దశలో ఉన్నదో అడగవచ్చును. ఈ చట్టం ప్రకారం సాధారణంగా 30 రోజులలో సమాచారం ఇవ్వవలెను.

ఇతర ప్రాంతాలలో

కర్ణాటకలో గ్రామ పంచాయతీలు పిల్లల కోసం ప్రత్యేకంగా మక్కళ గ్రామసభలు జరుపుతాయి. కేరళలో కుటుంబశ్రీ సంస్థ ఆధ్వర్యంలో బాలసభలు పనిచేస్తాయి. అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో ఓటర్లు 1995లో ఆమోదించిన సవరణ ద్వారా యువజన కమిషన్ ఏర్పడింది. ఇందులో 12 నుండి 23 ఏళ్ళ వయసు గల 17 మంది సభ్యులు ఉంటారు. యువతకు ముఖ్యంగా సంబంధించిన ప్రతిపాదనలపై తుది నిర్ణయానికి ముందు నగర మండలి వాటిని ఈ కమిషన్ అభిప్రాయానికి పంపవలసి ఉంటుంది. అక్కడ కూడా కమిషన్‌ది సలహా మాత్రమే. అయితే ఆ సలహా అడిగి తీరాలనే నియమం ఉన్నది.

పరిమితులు

తెలంగాణ వార్డు యువజన కమిటీ సభ్యులు ఓటుతో ఎన్నికయ్యేవారు కారు, నామినేట్ అయ్యేవారు. అందువలన రాజకీయ పక్షాల అనుచరులతో కమిటీ నిండిపోయే అవకాశం ఉన్నది. వసతి గృహాలలో ఉండి చదువుకొనే విద్యార్థులు పట్టణంలో నివసిస్తున్నా, సొంత ఊరు వేరు కావడంతో ఏ వార్డు లెక్కలోకీ రాకుండా పోవచ్చును. అన్నిటికంటే ముఖ్యంగా, కమిటీ సలహాకు పురపాలక సంఘం సమాధానం ఇవ్వకపోతే ఆ సలహా కాగితంపైనే మిగిలిపోతుంది. సమావేశం తేదీని ముందుగా పాఠశాలలకు, కళాశాలలకు తెలపడం, బాలల పరిరక్షణ కమిటీలోని ఇద్దరు బాలలను సమావేశానికి పిలవడం, ప్రతి ప్రతిపాదనకు వచ్చిన జవాబును వార్డు కార్యాలయంలో ప్రదర్శించడం అనే మూడు పనులకు ప్రత్యేక నిధులు అవసరం లేదు.