చెవి వైద్యుడు చేయు పని

ఇంద్రియములలో కన్నే ప్రధానమని లోకులందురు. అయినను బిడ్డకు మాట వచ్చుట చెవి మూలముననే. పుట్టుకతో వినబడని శిశువునకు నాలుక చక్కగానున్నను, తగిన సాయము లేనిచో మాట రాదు. కావున చెవి వైద్యుడు వినికిడినే గాక మాటను, చదువును కూడ కాపాడువాడు.

ఈ వైద్యుడే ముక్కును, గొంతును కూడ చూచును. ఏలయనగా ముక్కు వెనుకనుండి సన్నని గొట్టమొకటి నడిమి చెవికి పోవుచున్నది. జలుబు చేసినపుడు సూక్ష్మజీవులు ఆ దారిని చేరి చీము పట్టించును. పిల్లలలో ఆ గొట్టము పొట్టిగా నుండుటచే వారికి చెవిపోటు తరచుగా కలుగును.

వైద్యుడు మొదట దీపముగల చిన్న పరికరముతో కర్ణభేరిని పరీక్షించును. గట్టిపడిన గులిమిని మెత్తపరచి తీయును; చీమునకు మందిచ్చును. కర్ణభేరి రంధ్రము మానకున్నయెడల, రోగి చెవికి పైనున్న చర్మము క్రింది పలుచని పొరను తీసి మాటువేయును. వినికిడి ఎంత తగ్గినదో యంత్రముతో కొలిపించి, అవసరమైనవారికి వినికిడి యంత్రమును సూచించును. లోపలి చెవి పనిచేయని కొందరు శిశువులకు శస్త్రచికిత్సచే కాక్లియర్ ఇంప్లాంటును అమర్చును. అది పసితనముననే జరుగుట మేలు. పిమ్మట మాట నేర్పు శిక్షణ అవశ్యము.

అయితే వైద్యుడు తిరిగి ఈయలేనిది ఒకటి కలదు. పెద్ద చప్పుడువలన లోపలి చెవిలోని సూక్ష్మ రోమకణములు నశించినచో మరల పుట్టవు. కరణ్‌కోట, తాండూరు ప్రాంతములలో నాపరాతిని కోయు యంత్రములయొద్ద పనిచేయువారు దీనిని గుర్తెరుగవలెను. 85 డెసిబెళ్లకు మించిన ధ్వనిలో దినమునకు 8 గంటల చొప్పున ఏండ్ల తరబడి నిలిచినవాని వినికిడి, నొప్పి లేకయే తరిగిపోవును. చెవులకు రక్షణ మూతలు ధరించుటయే దీనికి మందు.

బాల్యమున కలుగు వినికిడి లోపములలో నూటికి సుమారు 60 పాళ్లు నివారింపదగినవని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. కావున తలిదండ్రులారా, చెవిలో కాచిన నూనె, ఆకుపసరు పోయకుడు. పుల్లలు, పిన్నులు పెట్టకుడు. చీము కారినను, బిడ్డ పిలిచిన పలుకకున్నను వైద్యునికి చూపింపుడు. హైదరాబాదు కోఠిలో ఇందుకై ప్రభుత్వ ఆసుపత్రియే కలదు.

ఉపాధ్యాయులకును ఒక మనవి. వెనుక బల్లపై కూర్చుండి మారు పలుకని బాలుడు మందమతి కాకపోవచ్చును. మన పాఠము వానికి వినబడకుండవచ్చును. వానిని దండింపకముందు ముందు బల్లకు పిలిచి, వాని చెవులను పరీక్ష చేయింపవలెను. మన ప్రభువు చెవిటివానిని గద్దింపలేదు. ఏకాంతమునకు తోడుకొనిపోయి, వాని చెవులను ముట్టెను.