ష్టైన్‌వెగ్ - స్టైన్‌వే: ఒక జర్మన్ వలస వడ్రంగి కుటుంబ చరిత్రలో ఇంటిపేరు

ఉపోద్ఘాతం:

కుటుంబ చరిత్ర రాయడానికి పూనుకున్న పరిశోధకులు మొదట పట్టుకునే ఆధారం ఇంటిపేరు. వలసపోయిన కుటుంబాల విషయంలో మొదట చేజారేదీ అదే. జర్మనీలోని హార్ట్స్ కొండల ప్రాంతం నుంచి న్యూయార్క్ చేరి, పియానోల తయారీలో ప్రసిద్ధి పొందిన ఒక వడ్రంగి కుటుంబాన్ని ఈ కోణం నుంచి పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. ఈ కుటుంబపు ఇంటిపేరు రెండుగా చీలింది. ఆ రెండు రూపాలు నూరేళ్లు దాటాక న్యాయస్థానంలో ఎదురుపడ్డాయి.

కథలు - ఆధారాలు:

హైన్‌రిష్ ఎంగెల్‌హార్ట్ ష్టైన్‌వెగ్ 1797లో వోల్ఫ్స్‌హాగెన్ గ్రామంలో జన్మించాడు. అతని బాల్యయౌవనాల గురించి కథలకు కొదవలేదు. పిడుగుపాటుకు తండ్రి, సోదరులు మరణించగా ఇతడొక్కడే బతికాడని ఒక కథ. వాటర్‌లూ యుద్ధంలో బాకా ఊదాడని మరొకటి. 1836లో తన తొలి గ్రాండ్ పియానోను వంటింట్లోనే తయారుచేశాడని ఇంకొకటి. ఇవి కుటుంబంలో చెప్పుకుంటూ వచ్చి, క్రమంగా సంస్థ ప్రచారంలోకి ఎక్కినవి. వీటిని లిఖిత ఆధారాలతో సమానంగా స్వీకరించలేం. అలాగని కొట్టిపారేయడమూ సరికాదు. తనవారందరినీ కోల్పోయి ఒంటరిగా మిగిలినవాడే వంశకర్త కావడం, కైఫీయతులలోని వంశవృత్తాంతాలు చదివినవారికి కొత్తగా తోచదు. ఆ కథ జరిగిన సంఘటన కంటే, వంశం తన ఆరంభాన్ని ఎలా ఊహించుకున్నదో ఎక్కువగా చెబుతుంది.

హైన్‌రిష్ సేసెన్ పట్టణంలో వడ్రంగిగా స్థిరపడి, 1825లో యులియానె థీమర్‌ను వివాహమాడాడు. కొయ్యసామాను పని నుంచి పియానోల తయారీకి మళ్లాడు. 1848 విప్లవం తరువాతి అస్థిర పరిస్థితులలో కొడుకు కార్ల్ ముందుగా న్యూయార్క్ వెళ్లాడు. 1850లో తల్లిదండ్రులు, తక్కిన పిల్లలు అతణ్ణి చేరుకున్నారు. పెద్దకొడుకు థియోడోర్ మాత్రం జర్మనీలోనే ఉండిపోయాడు. తరువాతి చరిత్రకంతటికీ ఇదే మలుపు.

సగం అనువాదం:

తండ్రీ కొడుకులు ఇతరుల కర్మాగారాలలో మూడేళ్లు పనిచేసి, 1853లో స్టైన్‌వే అండ్ సన్స్ సంస్థను స్థాపించారు. ఇక్కడ ఇంటిపేరును కొంచెం నిలిచి చూడాలి. ‘ష్టైన్’ అంటే రాయి, ‘వెగ్’ అంటే బాట. రెండో పదాన్ని ఇంగ్లీషులోకి మార్చి, మొదటి పదాన్ని అలాగే ఉంచారు. పూర్తిగా అనువదించి ఉంటే ‘స్టోన్‌వే’ అయ్యేది. జర్మన్ మూలం కనుమరుగయ్యేది. అమెరికా పత్రాలలో మన ఇంటిపేర్లు ముందునుంచి వెనక్కి జరగడం అందరూ ఎరిగినదే. అక్కడ మారేది పేరు స్థానం. ఇక్కడ మారినది సగం పేరు.

కుటుంబం ఈ రూపాన్ని చట్టబద్ధంగా స్వీకరించినది 1864లో. అంటే దుకాణం పేరు ముందు పుట్టి, ఇంటిపేరు పదకొండేళ్లు ఆలస్యంగా దాన్ని అనుసరించింది. అయితే కొత్త సంస్థ తొలి పియానోకు వేసిన సంఖ్య 483. జర్మనీలో చేసిన 482 వాద్యాల తరువాతిదని లెక్క. పేరు మారినా లెక్కను మొదటికి తేలేదు! సంస్థ పేరులో ‘సన్స్’ ఉన్నారు గాని, ముగ్గురు కుమార్తెల ప్రసక్తి లేదు. పియానో కొన్నవారికి వాయించడం నేర్పుతానని చెప్పి డొరెట్టా అమ్మకాలు పెంచేదన్న సంగతి కూడా కథగానే మిగిలింది. కుటుంబ జీవితానికి విలువైన లిఖిత సాక్ష్యం విలియం 1861 నుంచి 1896 వరకు రాసిన దినచర్య. దాన్ని అతడు ఇంగ్లీషులో రాశాడు.

రెండు పేర్ల వ్యాజ్యం:

1865 మార్చిలో హెన్రీ, చార్లెస్ (పూర్వపు కార్ల్) ఇద్దరూ మరణించారు. థియోడోర్ జర్మనీలోని తన వ్యాపారాన్ని గ్రోట్రియాన్, హెల్ఫరిష్, షుల్ట్స్ అనే ముగ్గురికి అమ్మి అమెరికా వెళ్లాడు. కొన్నవారు ‘థియోడోర్ ష్టైన్‌వెగ్ వారసులు’ అన్న పేరుతో వ్యాపారం కొనసాగించారు. 1880లో స్టైన్‌వే సంస్థ హాంబుర్గ్‌లో కర్మాగారం తెరిచింది. దీనితో మారిన పేరు పుట్టినదేశానికి తిరిగివచ్చి, మారని పేరుకు పోటీగా నిలిచింది. థియోడోర్ కూడా చివరికి జర్మనీకే తిరిగివచ్చి 1889లో బ్రౌన్‌ష్వైగ్‌లో కన్నుమూశాడు.

1919లో గ్రోట్రియాన్ కుటుంబం తమ ఇంటిపేరునే గ్రోట్రియాన్-ష్టైన్‌వెగ్‌గా మార్చుకుంది. రక్తసంబంధం ఉన్నవారికి ఆ పేరు లేదు, పేరు ఉన్నవారికి రక్తసంబంధం లేదు. వంశవృక్షాన్ని ఇంటిపేరు ఆధారంగా మాత్రమే గీసేవారు ఇక్కడ తప్పక పొరబడతారు. ఈ వివాదంపై అమెరికా అప్పీలు న్యాయస్థానం 1975లో స్టైన్‌వేకు అనుకూలంగా తీర్పునిచ్చింది. రెండు సంస్థలకూ సంబంధం ఉందని కొనుగోలుదారులు భ్రమపడే అవకాశం ఉందన్నది అందులోని ముఖ్యాంశం. అప్పటికి స్టైన్‌వే కూడా ఆ కుటుంబం చేతిలో లేదు. 1972లోనే దాన్ని సీబీఎస్ సంస్థకు అమ్మేశారు. తీర్పు తరువాత బ్రౌన్‌ష్వైగ్ పియానోలు అమెరికాలో ‘గ్రోట్రియాన్’ అన్న పేరుతోనే అమ్ముడయ్యాయి.