పుప్పొడి – కారు – చెట్టు

వసంతము ప్రవేశించినంతనే బోడుప్పల్ వీధులలో వేపపూత రాలును; దాని వెనుకనే కానుగపూలు. చెట్టునీడను నిలిపిన కార్లపై తెల్లవారునప్పటికి పుప్పొడియు, పూలును, రహదారి దుమ్మును ఒక పొరగా పేరుకొనును. దానిని పొడిగుడ్డతో తుడుచుట మనలో పలువురి అలవాటు. రంగునకు అసలు హాని ఈ తుడుపు వలననే కలుగుచున్నది.

పుప్పొడి రేణువు మెత్తని పిండివలె తోచినను, దాని పైపొర మిక్కిలి గట్టిది. వేలయేండ్లు మట్టిలో చెడక నిలువగలదు. దానితో కలిసిన ఇసుక మరింత కఠినము. పొడిగుడ్డ క్రింద ఇవి రెండును వడ్రంగి ఉప్పుకాగితమువలె రంగుపై పూతను గీయును. తడిసి ఎండలో ఆరినచో మరకయు పట్టును.

కావున ఉదయపు చల్లదనమున ముందుగా నీరు పోసి దుమ్మును జార్చి, పిదప కారు షాంపూ కలిపిన నీటిలో ముంచిన మెత్తని గుడ్డతో తుడువవలెను. పాత్రలు తోము సబ్బు వలదు. అది మైనపు పూతను పోగొట్టును. రెండు బకెట్ల నీరు చాలును. వజూలో సైతము నీటిని పొదుపుగా వాడ నేర్చిన మనకు ఇది క్రొత్త కాదు.

కొందరు కారు కొరకు చెట్టునే కొట్టింప జూతురు. 2002 నాటి జల, భూమి, వృక్ష చట్టము ప్రకారము అనుమతి లేనిదే చెట్టు కొట్టరాదు. చట్టము మాట యటుండగా, గీతపడిన రంగును దినములలో సరిచేయవచ్చును. పోయిన నీడ తిరిగి పెరుగుటకు ఏండ్లు పట్టును.