పలుకని పరికరముల విన్నపము

ప్రయోగశాలలో వోల్టుమీటరు ముందు కూర్చున్న విద్యార్థి సంఖ్యను మాత్రమే చూడడు. ముల్లు చివరకు పోయి తగులుట, తీగె ఊడుట, ఏదో మాడిన వాసన వచ్చుట అతని యెరుకలోనికి వచ్చును. అదే పరికరమును దూరముననున్న కంప్యూటరు నడపునపుడు దానికి చేరునది సంఖ్య యొక్కటే. అది నమ్మదగినదో కాదో పరికరమే చెప్పవలెను.

ఇట్టి పరికరములను ఒకే తీగెల కట్టతో కలుపు పద్ధతిని హ్యూలెట్ పాకార్డు సంస్థ 1960 దశాబ్దపు చివర రూపొందించెను. 1975లో ఐ.ఇ.ఇ.ఇ. అను ఇంజనీర్ల సంస్థ దానిని 488 అను సంఖ్యతో ప్రమాణముగా ప్రకటించెను. ఇందు సంకేతములు మోయు తీగెలు 16. వానిలో ఒకటి కేవలము విన్నపమునకే కలదు. అక్కర కలిగిన పరికరము ఆ తీగె మీది వోల్టేజిని దించును. కాని తీగె అందరికిని ఒక్కటే! వెనుక బెంచీలనుండి “అయ్యా!” యను కేక వినబడినది; పిలిచినవాడెవడో తెలియదు. పంతులుగారు వరుసగా అడుగవలసినదే. కంప్యూటరును అట్లే ఒక్కొక్క పరికరమును అడుగును. అది ఎనిమిది బిట్ల స్థితి బైటును పంపును. అందు 64 విలువగల బిట్టు 1గా నున్నచో పిలిచినది అదియే.

తక్కిన ఏడు బిట్ల అర్థమును 1975 నాటి ప్రమాణము తయారీదారులకే విడిచిపెట్టెను. ఫలితముగా ఒక పరికరమునకు వ్రాసిన ప్రోగ్రాము మరొకదానికి పనికిరాకపోయెను. 1987లో వచ్చిన 488.2 ప్రమాణము ఈ చిక్కును చాలవరకు తీర్చెను. 16 విలువగల బిట్టు సమాధానము సిద్ధమని తెలుపును. 32 విలువగలది సంఘటనల పట్టికను చూడుమనును. ఆ పట్టికలో మరల ఎనిమిది గడులు. 32 అనగా ఆజ్ఞ అర్థము కాలేదని. 16 అనగా అర్థమైనను నెరవేర్చుటకు వీలు కాలేదని. 128 అనగా విద్యుత్తు పోయి వచ్చినదని. సంఘటన గడచిపోయినను గుర్తు నిలిచియుండును, చదివినంతనే చెరగిపోవును. కావున సున్న వచ్చినచో అంతయు సవ్యమని కాదు, క్రిందటిమారు అడిగిన పిమ్మట క్రొత్తదేమియు నమోదు కాలేదని మాత్రమే.

ఒక కడ్డీ నిరోధమును నిమిషమున కొకమారు కొలువుమని అప్పగించి అధ్యాపకుడు రాత్రి ఇంటికి పోయెననుకొందము. అర్ధరాత్రి క్షణకాలము విద్యుత్తు పోయినది. బ్యాటరీ గల కంప్యూటరు నడచుచునే యున్నది. పరికరము మరల మేలుకొని, పెట్టిన అమరికలు మరచి, నిరోధమునకు బదులు వోల్టేజిని కొలువసాగినది. సంఖ్యలు యథాప్రకారము వచ్చుచునే యున్నవి!

అప్పుడు పరికరము పిలువదా? ఏ సంఘటనకు పిలువవలెనో ముందుగా ఆజ్ఞాపింపవలెను. విద్యుత్తు పోయినపుడు సాధారణముగా ఆ ఆజ్ఞయు చెరగిపోవును. గుర్తు మాత్రము పట్టికలో మౌనముగా నుండును. అందుచేత జాగ్రత్తగల ప్రోగ్రాము పిలుపునకై వేచియుండక, ప్రతి కొలతతో పాటు పట్టికను గూడ అడిగి వ్రాసికొనును. మరునాటి ఉదయము అధ్యాపకుడు 128 కనబడిన వరుసనుండి క్రింది సంఖ్యలను కొట్టివేసి, పైవానిని ఉంచుకొనవచ్చును.