ఇంటి తోటలో దేవగన్నేరు రకాల సేకరణ: పేరు, ఆరోగ్యం, యాజమాన్యం

దేవగన్నేరును తెలుగువారు తమ చెట్టుగానే భావిస్తారు. ఆలయ ప్రాంగణాలలోను, పాత బంగళాల ముంగిళ్ళలోను బూడిద రంగు లావుపాటి కొమ్మలతో కనిపించే ఈ వృక్షానికి పుట్టినిల్లు మాత్రం మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవులు. ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు షార్ల్ ప్లూమియే పేరు మీద దీని ప్రజాతికి ప్లుమేరియా అనే పేరు స్థిరపడింది. ఆసియాకు వచ్చిన తరువాత ప్రతి దేశం దీనికి తనదైన పేరు పెట్టుకున్నది. శ్రీలంకలో ఇది అరలియ, బెంగాలీలో కాఠ్‌గోలాప్. లావోస్‌లో దొక్ చంపా అనే పేరుతో జాతీయ పుష్పంగా నిలిచింది. థాయిలాండ్‌లో దీని పాత పేరు లాన్‌థోమ్. ఆ పేరు దుఃఖాన్ని సూచించే మాటకు దగ్గరగా వినిపించడం వలన అక్కడివారు దీనిని ఇండ్ల వద్ద నాటేవారు కారు. పేరును 'లీలావదీ'గా మార్చిన తరువాత అదే చెట్టు తోటలకు అలంకారమైనది. ఆ మాట మన లీలావతియే అని వేరుగా చెప్పనక్కరలేదు.

నేడు థాయిలాండ్ నుండి వస్తున్న అంటు మొక్కల వలన మన పట్టణాలలో దేవగన్నేరు సేకరణ ఒక అభిరుచిగా విస్తరిస్తున్నది. మిద్దెలపై కుండీలలో ఇరవై, ముప్పై రకాలు పెంచుతున్నవారు ఉన్నారు. వీరి నుండి విస్తరణ శాస్త్రవేత్తలకు వచ్చే ప్రశ్నలు ప్రధానంగా మూడు: కొన్న రంగు పూయలేదు, కొమ్మ కుళ్ళిపోయింది, ఆకులు మచ్చలు పడి రాలుతున్నాయి. ఈ మూడింటికీ సమాధానం మొక్క స్వభావంలోనే ఉన్నది.

ముందుగా జాతులను వేరుచేయడం అవసరం. ప్లుమేరియా రుబ్రా ఆకు కొన సూదిగా ఉంటుంది. శీతాకాలంలో ఆకులన్నీ రాలుస్తుంది. ఎరుపు, గులాబి, పసుపు, కలగలుపు రంగులన్నీ ప్రధానంగా ఈ జాతి నుండి, దీని సంకరాల నుండి వచ్చినవే. ప్లుమేరియా ఆబ్ట్యూసా ఆకు కొన గుండ్రంగా, ముదురు పచ్చగా మెరుస్తుంది. మన వాతావరణంలో దాదాపు ఏడాది పొడవునా ఆకుతో నిలుస్తుంది. నడుమ చిన్న పసుపు చుక్క ఉన్న తెల్లని పూలు పూస్తుంది. ప్లుమేరియా పుడికా ఆకు గరిటె ఆకారంలో ఉంటుంది, గుత్తులు విరివిగా వస్తాయి, కాని పువ్వుకు చెప్పుకోదగిన సువాసన లేదు. నర్సరీలలో నాగచంపా పేరుతో అమ్మేది సాధారణంగా ఇదే. అసలైన చంపకం, అనగా సంపెంగ, మాగ్నోలియా కుటుంబానికి చెందినది. గన్నేరు కుటుంబపు ఈ మొక్కకు దానితో ఏ సంబంధమూ లేదు.

రంగు విషయంలో మోసపోయేవారిలో ఎక్కువ మంది విత్తనం కొన్నవారే. దేవగన్నేరు పువ్వులో మకరందం లేదు. సాయంత్రం వేళ పెరిగే పరిమళంతో రాత్రి సంచరించే హాక్ మాత్ చిమ్మటలను ఆకర్షించి, ప్రతిఫలమేమీ ఇవ్వకుండానే పరాగ సంపర్కం జరిపించుకుంటుంది. కీలాగ్రం సన్నని పూగొట్టం అడుగున దాగి ఉండడం వలన కాయ కట్టడం అరుదు. కట్టినచో కొమ్ముల వలె జంటగా వచ్చే కాయలు పండటానికి ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది. రెక్కలున్న ఆ విత్తనాల నుండి వచ్చే ప్రతి మొక్కా జన్యుపరంగా వేరైనది. తల్లి చెట్టు పువ్వును యథాతథంగా పూయదు. హవాయిలోని కవాయి దీవిలో విలియం మొరాగ్నె 1950ల దశకంలో ఓపికతో చేతి పరాగ సంపర్కం చేసి, వచ్చిన మొలకల నుండి ఎంపికచేసిన కొన్నింటికి తమ కుటుంబ స్త్రీల పేర్లు పెట్టారు. జీన్ మొరాగ్నె అటువంటి రకమే. తల్లిదండ్రులు తెలిసిన సంకరణంలోనే మొలకలు ఇంత భిన్నంగా వచ్చినప్పుడు, ఫలానా రకపు విత్తనం అని ఫోటో చూపి అమ్మే పొట్లానికి అర్థం లేదు. విత్తనం కొత్త రకాల అన్వేషణకు సాధనం. రకాన్ని యథాతథంగా నిలపడానికి కొమ్మ కత్తిరింపు, అంటు మాత్రమే మార్గాలు.

అంటు మొక్కలోనూ ఒక చిక్కు ఉన్నది. అంటు కట్టిన చోటికి దిగువన వేరుమూలం నుండి వచ్చే చిగుళ్ళు బలంగా ఎదుగుతాయి. వాటిని గిల్లివేయకపోతే రెండు, మూడేళ్ళలో పై కొమ్మ క్షీణించి, వేరుమూలపు తెల్లని లేదా లేత పసుపు పూలు వస్తాయి. 'మొక్క రంగు మార్చుకున్నది' అని గృహస్థులు చెప్పే సందర్భాలలో మొదట పరిశీలించవలసినది ఆ అతుకునే. ఎండ తీవ్రత, ఉష్ణోగ్రతలను బట్టి ఒకే చెట్టు పూలలో రంగు గాఢత మారుతుందన్నదీ నిజమే. కావున మొదటి గుత్తిని చూసి రకాన్ని నిర్ధారించరాదు. రెండు పూత కాలాలైనా గమనించాలి.

కొమ్మలు నాటడానికి మన ప్రాంతంలో అనువైన కాలం ఫిబ్రవరి, మార్చి నెలలు. అప్పుడు చెట్టు విశ్రాంతి నుండి మేల్కొంటూ ఉంటుంది. వర్షాలు మొదలయ్యేలోగా వేరు పట్టడానికి వ్యవధి లభిస్తుంది. బూడిద రంగుకు తిరిగిన ముదురు కొమ్మను 30 నుండి 45 సెం.మీ. పొడవున కోసి, ఆకులు తొలగించి, పాలు కారడం ఆగిన తరువాత నీడలో ఒకటి, రెండు వారాలు ఆరబెట్టాలి. కోసిన ముఖంపై గట్టి పొర ఏర్పడనిదే నాటరాదు. ఇసుక ఎక్కువగా ఉన్న మిశ్రమంలో నాటి, ఊగకుండా కర్రకు కట్టి, మొదట ఒకసారి తడిపి, ఆపై మిశ్రమం ఆరిన తరువాతే నీరివ్వాలి. కుళ్ళిన కొమ్మలలో అత్యధికం అతిశ్రద్ధకు బలైనవే! కొనలో ఆకు విచ్చుకోగానే వేరు పట్టిందని తొందరపడరాదు. కొమ్మలో నిలువ ఉన్న ఆహారంతోనే తొలి ఆకులు వస్తాయి. పాలు చర్మానికి, ముఖ్యంగా కళ్ళకు హానికరం కనుక చేతి తొడుగులు ధరించాలి.

కోస్తా జిల్లాలకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటున్నది. చెట్టు విశ్రాంతికి సిద్ధమయ్యే అక్టోబరు, నవంబరు నెలలలోనే అక్కడ ఈశాన్య రుతుపవన వర్షాలు, తుపానులు వస్తాయి. రసభరితమైన కాండం, నీరు పీల్చడం తగ్గించిన వేరు, నిలిచిన నీరు కలిస్తే కాండం కుళ్ళు తప్పదు. నల్లరేగడిలో నేరుగా గుంత తీసి నాటడం కంటే అడుగు, అడుగున్నర ఎత్తు దిబ్బ చేసి నాటడం మేలు. తెలంగాణలో శీతాకాలం పొడిగా ఉండడం ఈ మొక్కకు కలిసివస్తుంది. అయితే డిసెంబరులో ఆకులు రాలిన రుబ్రా చెట్టు ఎండిపోతున్నదని భయపడి రోజూ నీరు పోసేవారు ఇక్కడా తక్కువేమీ కాదు.

అన్నిటికంటే తక్కువగా చర్చకు వస్తున్నది, ఎక్కువ నష్టం చేయగలది వైరస్. పొగాకు మొజాయిక్ వైరస్ వర్గానికే చెందిన ఫ్రాంగిపాని మొజాయిక్ వైరస్, ప్లుమేరియా మొజాయిక్ వైరస్‌లు రెండూ మన దేశంలో నమోదైనవి. ఆకులపై పచ్చ, పసుపు మచ్చలు, వలయాలు, ఈనెల వెంట చారలు వీటి లక్షణాలు. ఇవి రసం ద్వారా, అనగా కత్తి ద్వారా ఒక మొక్క నుండి మరొక మొక్కకు చేరతాయి. సేకరణ అంటేనే కొమ్మల మార్పిడి. ఒక్క రోగగ్రస్త కొమ్మ, ఒక్క శుభ్రపరచని కత్తి ఏళ్ళ తరబడి పోగుచేసిన తోటను మొత్తం వ్యాధిగ్రస్తం చేయగలవు. సోకిన చెట్టుకు చికిత్స లేదు. ఇక వైరస్ వలన పువ్వులో ఏర్పడే చారలను అపురూపమైన రకంగా ఎంచి అధిక ధరకు కొనడం విచారకరం. సాధారణ స్పిరిట్‌తో తుడిస్తే ఈ వర్గపు వైరస్‌లు నశించవు. కత్తిని ప్రతి మొక్కకూ మధ్య 10 శాతం ట్రైసోడియం ఫాస్ఫేట్ ద్రావణంలో ముంచాలి. కొత్తగా వచ్చిన మొక్కను ఒక పూర్తి చిగురు కాలం వేరుగా ఉంచి గమనించిన తరువాతే మిగతా వాటి చెంత చేర్చాలి. అంతవరకు దాని నుండి కొమ్మ తీయరాదు.

ఆకు అడుగున నారింజ రంగు పొడిగా కనిపించే త్రుప్పు తెగులుకు కారణం కోలియోస్పోరియం ప్లుమేరియే అనే శిలీంధ్రం. రుబ్రా రకాలు దీనికి బాగా లోనవుతాయి. చెట్టు చావదు, పూత తగ్గుతుంది. రాలిన ఆకులను ఏరి తోట వెలుపల నాశనం చేయడం, కుండీల మధ్య గాలి ఆడేంత ఎడం ఉంచడం సగం నివారణ. పిండినల్లి విషయంలో మందు కంటే నిగ్రహం ముఖ్యం. 2008లో కోయంబత్తూరు వద్ద బయటపడిన బొప్పాయి పిండినల్లి దేవగన్నేరునూ ఆశిస్తుంది. దాని అదుపుకు 2010లో ప్యూర్టోరికో నుండి తెచ్చి విడుదల చేసిన అసెరోఫేగస్ పపాయే అనే పరాన్నజీవి కందిరీగ సమర్థంగా పనిచేసింది. ఇంటి తోటలో విచక్షణ లేకుండా పురుగుమందు చల్లితే మొదట చచ్చేది ఆ కందిరీగే. నీటి ధారతో కడగడం, ఎక్కువగా సోకిన కొనలను తుంచివేయడం చాలును.

పోషణ గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. పూత పేరుతో భాస్వరం అధికంగా ఉన్న ఎరువులు పదే పదే వేసే అలవాటు సేకరణకర్తలలో ఉన్నది. మన సున్నపు నేలలలో అది జింకు, ఇనుము లభ్యతను తగ్గించి ఆకులను పాలిపోయేలా చేయడం తప్ప ఒరగబెట్టేది స్వల్పం. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలని చెట్టు ఏ ఎరువుతోనూ బాగా పూయదు. పూగుత్తి కొమ్మ కొననే వస్తుంది, గుత్తి తరువాత ఆ కొన సాధారణంగా రెండు, మూడు కొమ్మలుగా చీలుతుంది. కత్తిరింపు వలన ఆ ఏటి పూత కొంత తగ్గినా, తరువాతి ఏటికి పూసే కొనలు పెరుగుతాయి.

సేకరణకు నమోదు పుస్తకం తప్పనిసరి. మొక్క వచ్చిన తేదీ, ఎవరి నుండి, కత్తిరింపా, అంటా, మొలకా, తొలి పూత తేదీ, విచ్చిన మొదటి రోజు, మూడవ రోజు పువ్వు రంగు, వెడల్పు, సాయంత్రపు వాసన రాయాలి. అమెరికాలో 1979లో ఏర్పడిన ప్లుమేరియా సొసైటీ రకాల పేర్లను అంతర్జాతీయంగా నమోదు చేస్తున్నది. ఆ జాబితాతో సరిపోల్చుకోవడానికి ఈ వివరాలే ఆధారం. పేరు తెలియని మొక్కకు ఊహించి పేరు పెట్టడం కంటే ఒక సంఖ్య ఇచ్చి ఊరుకోవడం ఉత్తమం. పేరు చీటీలను ప్లాస్టిక్‌పై సిరాతో రాస్తే రెండు వేసవులలో వెలిసిపోతాయి. పలుచని అల్యూమినియం రేకుపై మొనతో గీసి, కొమ్మకు బిగుసుకోకుండా వదులుగా తీగతో కట్టాలి.