గేర్‌బాక్స్ లోపాన్ని దాచి కారు అమ్మవచ్చునా?

పాత కారు కొనడం నేడు మధ్యతరగతి కుటుంబాలలో సాధారణమైపోయింది. పెద్దలకు మోకాళ్ల నొప్పులనో, ఇంట్లోని స్త్రీలు సులువుగా నడపగలరనో చాలామంది ఆటోమేటిక్ గేర్ల బండినే కోరుతున్నారు. దానితోపాటు మా వద్దకు ఒక ప్రశ్న కూడా వస్తోంది: “మౌలానా, నా బండి పొద్దున మాత్రమే గేరు మారేటప్పుడు కుదుపునిస్తుంది. వేడెక్కాక బాగుంటుంది. కొనేవారికి ఈ సంగతి చెప్పవలసిందేనా?”

చెప్పవలసిందే. అయితే ఏది లోపమో తెలియనిదే ఏది చెప్పాలో తెలియదు గనుక ముందు యంత్రం సంగతి చూద్దాం.

ఆటోమేటిక్ అన్న పేరు ఒకటే అయినా లోపలి నిర్మాణాలు వేరు. 2014లో సెలేరియోతో మన దేశానికి వచ్చిన ఏఎంటీ నిజానికి మామూలు క్లచ్చు, మామూలు గేర్లే. వాటిని కదిలించే పనిని మనిషికి బదులు యంత్రం చేస్తుంది. గేరు మారేటప్పుడు తల కాస్త ముందుకు ఊగడం దాని స్వభావం, లోపం కాదు. పాత ఐ10 ఆటోమేటిక్‌లోని 4 గేర్ల పెట్టె టార్క్ కన్వర్టర్ రకం. ఇంజిన్ శక్తి అందులో ఆయిల్ ద్వారా అందుతుంది గనుక మార్పు మెత్తగా ఉండాలి. అక్కడ కుదుపు వస్తే అది రోగలక్షణమే.

పరీక్షకు బండి చల్లగా ఉండాలి. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే మరునాటి ఉదయం వస్తానని చెప్పి తిరిగి రండి. బ్రేకు నొక్కి ‘డీ’లోకి, తర్వాత ‘ఆర్’లోకి మార్చండి. గేరు పట్టడానికి రెండు మూడు క్షణాలు తీసుకుంటే ఆయిల్ తగ్గిందో, లోపలి సీళ్లు గట్టిపడ్డాయో అనుమానించాలి. దారిలో ఇంజిన్ హోరెత్తుతూ వేగం మాత్రం పెరగకపోతే క్లచ్చు పలకలు జారుతున్నాయని అర్థం. ఇదే అన్నింటిలోకి ఖరీదైన జబ్బు. 50, 60 కిలోమీటర్ల నిలకడ వేగంలో కంకర మీద పోతున్నట్లు సన్నగా వణికితే కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్చును చూపించాలి. బండి ఒకే గేరులో ఉండిపోతే, పెట్టెను కాపాడుకోవడానికి కంప్యూటరే దానిని బంధించి ఉండవచ్చు.

ఆయిల్ కొలకర్ర ఉన్న బండ్లలో తెల్లని గుడ్డ మీద ఒక చుక్క చాలు. సాధారణంగా ఎర్రగా, పారదర్శకంగా ఉండాలి. గోధుమరంగుకు తిరిగి మాడు వాసన వస్తే పలకలు అరిగాయి. పాలు కలిసిన గులాబీరంగులో ఉంటే రేడియేటర్ నీరు లోపలికి చేరింది; ఆ బండిని నడపనే కూడదు. ఎర్రని ఆయిళ్లన్నీ ఒకటేనని చెప్పే వారిని నమ్మకండి. సీవీటీ పెట్టెకు దాని ఆయిల్ వేరు.

ప్రతి కుదుపూ గేర్‌బాక్స్‌దే కాదు. ఇంజిన్ మౌంటు రబ్బరు చినిగినా, ఇగ్నిషన్ కాయిల్ చెడినా, బ్యాటరీ బలహీనపడినా అలాంటి కుదుపు రావచ్చు. స్కానర్ పెట్టకుండానే ‘పెట్టె దించాలి’ అనే మెకానిక్ కూడా అన్యాయమే చేస్తున్నాడు. స్కానర్‌లో పీ 0700 కనిపిస్తే గేర్‌బాక్స్ కంప్యూటర్ ఫిర్యాదు నమోదు చేసిందని మాత్రమే అర్థం. అసలు కారణం దాని వెంట వచ్చే పీ 0730, పీ 0740 వంటి కోడ్‌లను బట్టి వెతకాలి.

ఇక షరీఅత్ విషయం. బజారులో ధాన్యపు కుప్పలోకి చేయి పెట్టి, లోపలి తడిని పట్టుకుని, ఆ తడి గింజలను జనానికి కనిపించేలా పైన ఉంచలేదేమని దైవప్రవక్త (స) అమ్మేవానిని నిలదీసిన సంఘటన సహీహ్ ముస్లిం‌లో ఉంది. పొదుగు కట్టి పాలు నిలిపి పశువును అమ్మడాన్ని కూడా ఆయన (స) నిషేధించారు. బేరగాడు వచ్చే ముందు ఇంజిన్‌ను వేడిచేసి ఉంచడం, కోడ్‌లను చెరిపివేయడం, మాడిన ఆయిల్ తీసి కొత్తది పోసి ‘సర్వీసు చేయించాను’ అనడం మా దృష్టిలో ఆ పొదుగు కట్టడమే. కోడ్‌లను ఈమధ్యే చెరిపి ఉంటే స్కానర్‌లోని స్వయంపరీక్షల జాబితా అసంపూర్తిగా కనిపిస్తుంది. కొనేవారు దానిని అడిగి చూడాలి.

‘ఉన్నది ఉన్నట్లు అమ్ముతున్నాను, ఏ లోపానికీ నా పూచీ లేదు’ అన్న షరతు హనఫీ మజ్‌హబ్‌లో చెల్లుతుంది. కొన్నవారు తిరిగి ఇచ్చే హక్కు కోల్పోతారు. షాఫిఈ పండితులు అంత విశాలంగా ఒప్పుకోరు. కానీ తెలిసిన లోపాన్ని దాచిన పాపం ఏ షరతుతోనూ తొలగదు.

అటువంటి షరతు లేకుండా కొన్నవారికి, బేరం నాటికే ఉన్న లోపం తర్వాత బయటపడితే, తిరిగి ఇచ్చే హక్కు ఉంది. దీనిని ఖియారె ఐబ్ అంటారు. ఇక్కడే చాలామంది తొందరపడి పెట్టె విప్పిస్తారు. మీ చేతిలో కొత్త లోపం చేరితే, అమ్మినవారు ఒప్పుకుంటే తప్ప, బండిని తిరిగి ఇవ్వలేరు. తగ్గిన విలువ మాత్రమే అడగగలరు. లోపం తెలిశాక సొంత పనులకు తిరగడం దానికి అంగీకరించినట్లే. పశువును తిరిగి అప్పగించడానికో, నీళ్లు తాగించడానికో ఎక్కి పోవడం అంగీకారం కాదని ఫుఖహా రాశారు. ఆ లెక్కన బండిని అమ్మినవారి ఇంటికి నడిపించుకుని పోవచ్చు, పెళ్లికి వేసుకుని పోకూడదు. కుదుపు కనిపించిన నాడే తేదీ, మీటరు అంకె రాసుకుని, విప్పించక ముందే అమ్మినవారికి కబురు చేయండి.