పుట్టిని ఒడ్డునకెత్తి భద్రపరచు విధము

కృష్ణా తుంగభద్రా తీరముల రైతులకు పుట్టియు నాగలివలెనే యొక పనిముట్టు. ఆవలిగట్టునను, నదిమధ్యపు దిబ్బలమీదను పొలములుగలవారు విత్తనములను, ఎరువును, కూలివారిని దీనియందు దాటింతురు. ఇది మిక్కిలి ప్రాచీనమైన సాధనము. సుమారు 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయిస్, అచటి నదిపై బుట్టలవలె గుండ్రనివై తోలుకప్పిన పడవలు 15, 20 మందిని దాటించుట చూచి వ్రాసియున్నాడు. తరువాతి కాలమున తోలునకు మారుగా ప్లాస్టిక్ పట్టాయు తారుపూతయు వచ్చినవి.

పుట్టి నీటియందే చెడునని తలంచుట పొరపాటు. పనిలేని దినములలో ఒడ్డున పడియుండగా చెదలు, పుచ్చు, ఎండ దానిని తినివేయును. తారు క్రింద నున్న చేటు కంటికి కానరాదు. నడినదిలో బద్ద విరిగినప్పుడు తెలిసి ప్రయోజనమేమి? కావున ఈ క్రింది విషయములను రైతులు గమనింపవలెను.

1. ఎత్తుట: మొదట పుట్టిలోని సరకును, నీటిని తీసివేయవలెను. రాళ్లమీద ఈడ్వరాదు, పూత గీచుకొని పోవును. ఇద్దరు ముగ్గురు చుట్టును నిలిచి అంచును పట్టి యొక్కసారిగా ఎత్తవలెను. మనయూర వాన లేకున్నను, ఎగువ నారాయణపూరు, జూరాల ఆనకట్టల గేట్లు తెరచినప్పుడు కృష్ణ పొంగును. కావున వరదనీరందని మెరకకు చేర్చి, మోకుతో చెట్టునకు కట్టవలెను.

2. బోర్లించుట: పుట్టిని ఎన్నడును వెల్లకిల ఉంచరాదు. రెండు మీటర్ల వెడల్పుగల పుట్టి యడుగున 10 సెంటీమీటర్ల వాననీరు నిలిచినచో, ఆ నీటి బరువే సుమారు 300 కిలోలగును. ఆ బరువునకు బద్దలు వంగి కట్లు తెగును.

3. ఆధారము: అంచు క్రింద నలువైపుల సమానమైన ఎత్తుగల రాళ్లు పెట్టి, నేలకు జానెడెత్తున నిలుపవలెను. గాలి యాడి తేమ ఆరును. చెదలు ప్రాకినచో రాళ్లమీద మట్టిదారులు కనబడును. ఒక్క కర్ర పోటుపెట్టి ఏటవాలుగా నిలిపి దాని క్రింద పని చేయరాదు, పిల్లలను ఆడనీయరాదు. మరల ఎత్తునప్పుడు ముందుగా కర్రతో తట్టవలెను; క్రింద పాములు చేరియుండవచ్చును.

4. నీడ: ఎండకు ప్లాస్టిక్ పట్టా పెళుసెక్కును. చెట్టునీడను గాని పాక క్రింద గాని ఉంచవలెను. క్రింద ధాన్యము దాచరాదు. ఎలుకలు చేరి పట్టాను కొరుకును.

5. మరమ్మతు: క్రొత్త బద్దలు వేయునప్పుడు, కోసిన వెదురును కొన్ని వారములు నీట నానవేసి నీడను ఆరబెట్టవలెను. అందలి పిండిపదార్థము తగ్గి పుచ్చు అంతగా పట్టదు. పుట్టి బాగుగా ఆరిన పిదపనే తారు పూయవలెను. తడిమీద పూసినచో తేమ లోన చిక్కి వెదురు చీకును. తారును ఇండ్లకు, గడ్డివాములకు దూరముగా కాచవలెను. కాగిన తారులో నీరు పడినచో చివ్వున చిమ్మి ఒడలు కాల్చును.

6. పరీక్ష: మరల నదిలో దింపుటకు ముందు ప్రతి బద్దను బొటనవ్రేలితో నొక్కి చూడవలెను. మెత్తబడినదానిని తీసి క్రొత్తది వేయవలెను. పిమ్మట మోకాలిలోతు నీటిలో ఇసుకబస్తాలతో అరగంట నిలిపి, ఊట కనబడినచో ఒడ్డునకే తేవలెను. తెడ్డును, మోకును ఈ విధముగానే చూడవలెను.

పట్టా చినిగినచో అతుకు వేయవచ్చును గాని, తట్ట చీకినచో ఎంత తారు పూసినను నమ్మరాదు. క్రొత్తది కట్టించుట వ్యయమే. అయినను అందెక్కువారు నాట్లకుపోవు మన యింటి ఆడువారును, మనలను నమ్మివచ్చిన కూలివారును అని రైతులు మరువరాదు.